పొడవాటి ఇంగ్లిష్ పదాల కార్డుల పెట్టె: మూడు నెలలు వాడాక

స్క్రాబుల్, అంటే పాయింట్లు రాసిన ఇంగ్లిష్ అక్షరాల టైల్స్‌తో బోర్డు మీద పదాలు పేర్చే ఆట. మొదలుపెట్టింది మా చెల్లెలు. బ్యాండ్ అని పెట్టింది. బి, ఏ, ఎన్, డి. నాలుగే అక్షరాలు, నడిమి గడి మీద రెట్టింపై 14 పాయింట్లు వచ్చాయి. బి ఏడో నిలువు వరసలో మొదలైంది, డి పదో వరసలో ఆగింది. నా ర్యాక్‌లో, అంటే టైల్స్ నిలబెట్టుకునే పీటలో, ఐ, సి, రెండు ఓలు, టి, వాటితోపాటు ఎందుకూ పనికిరాని మరో రెండు టైల్స్ ఉన్నాయి. మూడు నెలల కిందటైతే ఆ రెండు ఓలను చూసి నిట్టూర్చి, ఏ మూలో ఒక చిన్న పదం పెట్టి ఊరుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ఆ బ్యాండ్‌ని ఆనుకుని ఐదు టైల్స్ వరసగా పేర్చాను. బ్యాండికూట్. సి డబుల్ లెటర్ గడిలో, అంటే అక్షరం విలువ రెట్టింపయ్యే చోట పడింది. చివరి టి సరిగ్గా కుడి అంచున ఉన్న, పదం మొత్తాన్ని మూడింతలు చేసే ట్రిపుల్ వర్డ్ మీదికి వెళ్లింది. పదిహేడు మూళ్లు 51.

"అక్కా, అంటే ఏంటి?"

"పందికొక్కు."

"మన పందికొక్కా?"

"మన పందికొక్కే. తెలుగులోంచే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది."

అది బోర్డు వంకే చూస్తూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పెట్టె నీకెందుకు కొనిచ్చానా" అంది.

ఆ పెట్టె గురించే ఇదంతా. 200 కార్డులు, అరచేతిలో పట్టేంత సైజు. ముందువైపు పదం పెద్దక్షరాల్లో ఉంటుంది, ఎక్కడ విరిచి పలకాలో సన్నటి చుక్కలు పెట్టి చూపించారు. వెనకవైపు అర్థం, పదం పుట్టుక, ఎన్ని అక్షరాలో ఆ లెక్క ఉంటాయి. కొన్నిటికి మాత్రం ఆ పదం స్క్రాబుల్ బోర్డు మీద ఎలా పడుతుందో చిన్న బొమ్మ వేశారు. ఎవరు తయారుచేశారో పేరు ఇక్కడ రాయను. కార్డుల్లో తప్పులున్నాయని ఉత్తరం రాస్తే వాళ్లు వాదించకుండా ఒప్పుకున్నారు, తర్వాతి ముద్రణలో దిద్దుతామన్నారు. ఇప్పటి ముద్రణ మీద నా ఫిర్యాదులు రేపు రాబోయే మంచి పెట్టెకి అంటుకోవడం న్యాయం కాదు. ఇలాంటి కార్డులైనా, పుస్తకమైనా, ఆప్ అయినా కొనే ముందు ఏం చూసుకోవాలో చెప్పడానికి పేరు అక్కర్లేదు.

నేను ప్రూఫులు దిద్దే మనిషిని. అక్షరం వెంట అక్షరం చూసుకుంటూ పోవడమే నా పని. అయినా ఈ ఆటలో పొడవాటి పదాలంటే భయంగానే ఉండేది. ఎనిమిది అక్షరాలు దాటిందంటే పదం చీమల బారులా కదిలిపోయేది. జాబితాలు దగ్గర పెట్టుకుని కంఠతా పట్టాలని చాలాసార్లు కూర్చున్నాను. సోమవారం పట్టింది శుక్రవారానికి జారిపోయేది. ఈ కార్డులతో అలా జరగలేదు. కారణం ఒక్కటే, ఇందులో అర్థాలు రాసిన తీరు. అర్థం అంటే నిఘంటువులోంచి ఎత్తిరాసిన ఒక పొడి వాక్యం కాదు. పదాన్ని కీలు కీలుకీ విప్పి, ఏ ముక్క ఎక్కడిదో చూపించి, మళ్లీ బిగిస్తారు.

ఒక్క కార్డు చెబుతాను. ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. 29 అక్షరాలు. దేన్నైనా విలువలేనిదిగా లెక్కకట్టడం అని అర్థం. విలియం షెన్‌స్టోన్ అనే ఇంగ్లిష్ కవి 1741లో ఒక ఉత్తరంలో వాడాడు. చదువుకున్నవాళ్లు సరదాకి అల్లిన పదం. కార్డు వెనక దాన్ని నాలుగు లాటిన్ మాటలుగా విడదీశారు. ఒకటి ఉన్ని పోగు. ఒకటి ఎందుకూ కొరగాని అల్ప వస్తువు. ఒకటి శూన్యం. ఒకటి వెంట్రుక. నాలుగూ 'పైసా విలువ చెయ్యదు' అని చెప్పడానికి లాటిన్‌వాళ్లు వాడినవే. అది చదవగానే నాకు మన మాటలు వరసకట్టాయి: పూచికపుల్ల, గడ్డిపరక, చిల్లిగవ్వ, వెంట్రుక ముక్క. ఒకరిని తీసిపారేయాలంటే మనమూ చేతికందిన అల్పమైన వస్తువుతోనే కొలుస్తాం. ఆ నాలుగింటినీ ఒకే సమాసంగా గుదిగుచ్చి చివర 'ఈకరణం' తగిలిస్తే ఎలా ఉంటుందో, ఈ పదం అలాంటిదే. అంతే, ఆ రాత్రి నుంచి ఇప్పటిదాకా దాని స్పెల్లింగ్ ఒక్కసారి కూడా తప్పలేదు.

స్క్రాబుల్ బోర్డుకి ఒక వరసలో 15 గడులే, ఈ పదం పట్టదు. అయినా మా ఇద్దరికీ ఒక ఆలోచన వచ్చింది: ఒక సెట్టులో ఉన్న 100 టైల్స్‌తో అసలు ఈ పదం రాయగలమా? సంచి మొత్తం నేల మీద గుమ్మరించాం. ఐ అక్షరం ఈ పదంలో 9 సార్లు వస్తుంది. సెట్టులో ఐలు సరిగ్గా 9. ఒక్కటి కూడా మిగల్లేదు. ఎఫ్‌లు రెండు కావాలి, రెండే ఉన్నాయి. సిలు నాలుగు కావాలి, ఉన్నవి రెండు. చెల్లెలు అయిపోయిందనుకుంది. ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ టైల్స్, రెండు బ్లాంకులున్నాయిగా అన్నాను. రెండు బ్లాంకులనీ సిలుగా పెడితే 29 టైల్స్, నేల మీద ఒక పొడుగాటి గీత. ఆ గీతని తీసెయ్యడానికి మనసొప్పక మర్నాటి దాకా అలాగే ఉంచాం. ఆట పరంగా ఆ పదానికి ఒక్క పాయింటు రాదు. కానీ సంచిలో ఏ అక్షరం ఎన్ని ఉంటాయో ఏళ్ల తరబడి ఆడినా నాకు గుర్తుండేది కాదు, ఆ ఒక్క సాయంత్రంతో గుర్తుండిపోయింది. ఆట చివర్లో సంచిలో ఏం మిగిలుంటుందో లెక్కేసుకోవడానికి అది ఎంత అవసరమో ఆడేవాళ్లకి చెప్పక్కర్లేదు.

అదే ఊపులో 45 అక్షరాల పదాన్నీ ప్రయత్నించాం. న్యుమోనో అని మొదలై కోనియోసిస్ అని ముగిసేది, సన్నటి సిలికా ధూళి పీల్చడంవల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు పేరు. 1935 ప్రాంతంలో అమెరికాలో పజిల్స్ వేసేవాళ్ల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడవు కోసమే కట్టిన మాట. అందులో సిలే ఆరు కావాలి. రెండు బ్లాంకులు కలిపినా నాలుగే. కుదరదు.

మూడోది నాకు బాగా ఇష్టమైన కార్డు. హొనొరిఫికాబిలిటుడినిటాటిబుస్. షేక్‌స్పియర్ నాటకంలో ఒక పాత్ర నోట వస్తుంది, 27 అక్షరాలు. గౌరవానికి పాత్రమయ్యే స్థితి అనే భావం. ఇందులో హల్లు తర్వాత అచ్చు, అచ్చు తర్వాత హల్లు, మొదటి నుంచి చివరి దాకా తప్పకుండా మారుతూ పోతాయని కార్డు చెప్పింది. నేను దాన్ని తెలుగులో రాసి చూసుకున్నాను. ఒక్క వత్తు లేదు. చివరి పొల్లు తప్ప అన్నీ విడి అక్షరాలే. ఇంగ్లిష్‌వాళ్లకి నోరు తిరగని పదం, మనం ఒకటో తరగతి పిల్లాడితో చదివించొచ్చు.

ఇక తప్పుల సంగతి. బోర్బరిగ్మస్ అని ఒక పదం. కడుపులో గాలీ నీరూ కదిలినప్పుడు వచ్చే చప్పుడు. గ్రీకు నుంచి వచ్చింది, చప్పుడుని అనుకరించి పుట్టిన మాట. మనకి గుడగుడ ఎలాగో వాళ్లకి బోర్బోర్ అలాగ. చాలా మంచి కార్డు. కానీ ముందువైపు పెద్దక్షరాల్లో రెండో ఆర్ ఎగిరిపోయింది. 11 అక్షరాల పదం 10 అక్షరాలతో అచ్చయింది. వెనక మాత్రం సరిగ్గానే ఉంది. వేరే కార్డుల్లో చిన్న తప్పులుంటే సర్దుకుపోతాను. స్పెల్లింగ్ నేర్పడానికే పుట్టిన కార్డు మీద, అదీ పదం పేరులోనే, అక్షరం పోవడం చాలా పెద్ద తప్పు. వెనక్కి తిప్పి పోల్చి చూడనివాళ్లు తప్పుగానే నేర్చుకుంటారు, ఆ తప్పుతోనే ఆటలో ఒక ఎత్తు పోగొట్టుకుంటారు. 200 కార్డులూ కూర్చుని దిద్దాను. ఇలాంటివి ఐదు దొరికాయి. అందుకే వాళ్లకి ఉత్తరం రాశాను.

దానికన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. ఏ పదం ఆటలో చెల్లుతుందో, ఏది చెల్లదో కార్డుల మీద ఎక్కడా లేదు. స్క్రాబుల్ ఆడేవాళ్లకి రెండు జాబితాలున్నాయి. అమెరికా, కెనడాల్లో పోటీలకి ఒకటి, మిగతా ప్రపంచంలో ఇంగ్లిష్ పోటీల్లో ఎక్కువగా కాలిన్స్ నిఘంటువు వాళ్లది. కాలిన్స్ జాబితాలో 2.8 లక్షల పైచిలుకు పదాలున్నాయి, అమెరికా జాబితాలో రెండు లక్షలకి కాస్త తక్కువ. ఆ తేడాలో పడి మునిగేది మనమే. నా సంగతి వినండి. ఇ, యు, ఓ, యు, ఏ, ఇ అని ఆరు అక్షరాల పదం ఒకటుంది, ఒక్క హల్లు కూడా లేదు. పాత చర్చి గానాల పుస్తకాల్లో, పాట చివర ఏ స్వరంతో ముగించాలో చూపించడానికి 'సెక్యులోరమ్ ఆమెన్' అన్న మాటల్లోంచి అచ్చులు మాత్రం ఏరి రాసేవారు. ఆ అచ్చుల వరసే పదమైపోయింది. ర్యాక్ నిండా అచ్చులు పడి ఊపిరాడనప్పుడు అంతకన్నా మంచి మందు లేదు. మా ఇంట్లో అమెరికా జాబితా పెట్టుకుని ఆడతాం. సంబరంగా పెట్టాను. మా బావ చాలెంజ్ అన్నాడు. జాబితాలో లేదు. ఆరు టైల్స్ వెనక్కి తీసుకుని, ఎత్తు పోగొట్టుకుని కూర్చున్నాను. కార్డు మూలన 'కాలిన్స్‌లో మాత్రమే' అని రెండు మాటలుంటే సరిపోయేది కదా.

బ్లాంకుల మాట కూడా చెప్పాలి. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే గీత మీదికి రావడాన్ని సిజిజీ అంటారు. ఆరు అక్షరాల్లో మూడు వైలు. సెట్టులో వైలు రెండే, కాబట్టి బ్లాంకు లేకుండా ఆ పదం ఎవరూ పెట్టలేరు. జిజివా అనే ఉష్ణమండల అమెరికా పెంకుపురుగు మరీ కష్టం, మూడు జెడ్‌లు. సంచిలో ఉండేది ఒక్క జెడ్. రెండు బ్లాంకులూ ఖర్చుపెట్టాలి. ఆ కార్డుల మీద ఈ ముక్క రాయలేదు. రాసుంటే ఆడేవాడు ఆ పదాల కోసం ఎదురుచూస్తూ మంచి టైల్స్ పట్టుకుని కూర్చోడు.

మరి ఇన్ని లోట్లున్న పెట్టెని ఎందుకు మెచ్చుకుంటున్నానంటే, బోర్డు బొమ్మలున్న కార్డుల వల్ల. అవి పాతిక కూడా ఉండవు. కానీ ఆ పాతికలో ఉన్న చదువు ఇంకెక్కడా నాకు దొరకలేదు.

క్విక్సాట్రీ కార్డు తీసుకోండి. స్పానిష్ నవలలోని డాన్ క్విక్సోట్‌లా జరగని ఆదర్శాల వెంట పరుగెత్తడం అని అర్థం. 2006లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో మైకేల్ క్రెస్టా అనే వడ్రంగి ఒక క్లబ్ ఆటలో ఈ ఒక్క పదానికి 365 పాయింట్లు కొట్టాడు, ఆ ఆట మొత్తంలో 830. ఈ అంకెలు నాకు ముందే తెలుసు. అవెలా వచ్చాయో తెలియదు. కార్డు వెనక బొమ్మలో అంచు వరస ఉంది. ఎనిమిది అక్షరాల పదం మొదటి గడిలో మొదలైతే ఎనిమిదో గడిలో ముగుస్తుంది. ఆ రెండూ ట్రిపుల్ వర్డ్ గడులే. మూడు మూళ్లు తొమ్మిది. మధ్యలో నాలుగో గడి డబుల్ లెటర్, అందులో పడింది ఎక్స్. అక్షరాల విలువ 27, ఎక్స్ రెట్టింపుకి మరో 8, మొత్తం 35. తొమ్మిది రెట్లు 315. చేతిలోని ఏడు టైల్స్‌నీ ఒకేసారి దింపినందుకు బోనస్ 50. వేలితో గడులు లెక్కపెట్టుకుంటూ 365 దగ్గరికి చేరినప్పుడు ఒళ్లు జలదరించింది.

దాని పక్క కార్డు కజీక్స్. సి, ఏ, జెడ్, ఐ, క్యూ, యు, ఇ, ఎస్. కరీబియన్ దీవుల ఆదివాసి నాయకుల్ని అలా అనేవారు. 1982లో మాంచెస్టర్‌లో కార్ల్ ఖొష్నా అనే ఆయన దీనితో 392 కొట్టారు. ఇందులోనూ రెండు ట్రిపుల్ వర్డ్‌లే, కానీ పదం ఎనిమిదో గడిలో మొదలై పదిహేనులో ముగియాలి. అప్పుడే డబుల్ లెటర్ గడి ఐదో అక్షరం కిందికి వస్తుంది, ఐదో అక్షరం క్యూ. ఇదే పదాన్ని అదే వరసలో ఎడమ సగంలో పెట్టి చూశాను. రెట్టింపు ఐకి పోయి 311 దగ్గర ఆగింది. అవే టైల్స్, అదే పదం, 81 పాయింట్ల తేడా. పదం తెలియడం ఒక ఎత్తు, దాన్ని ఎక్కడ దింపాలో తెలియడం ఇంకో ఎత్తు అని నాకెవరూ ఇలా పక్కపక్కన పెట్టి చూపించలేదు.

ఆక్సీఫెన్‌బ్యూటజోన్ కార్డూ అలాంటిదే. కీళ్ల వాపుకి వాడిన మందు పేరు, 15 అక్షరాలు. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి సరిగ్గా సరిపోతుంది కాబట్టి మూడు ట్రిపుల్ వర్డ్‌లు, అంటే 27 రెట్లు. అన్నీ కలిసొస్తే 1778 పాయింట్లు అని లెక్కకట్టినవాళ్లున్నారు. చేతిలో ఏడే టైల్స్ ఉంటాయి కనక మిగతా ఎనిమిది అక్షరాలు ముందే బోర్డు మీద సరైన గడుల్లో ఉండాలి. నిజం ఆటలో జరిగేది కాదు. అయినా ఈ కార్డు వల్లే నేను అంచు వరసల్లో ఖాళీలు ఎక్కడెక్కడ మిగులుతున్నాయో చూడడం మొదలుపెట్టాను.

మా చెల్లెలికి నా అర్థాల పిచ్చి నచ్చదు. దాని వాదన బలమైనదే. న్యూజీలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఫ్రెంచ్ మాట్లాడడం రాదు. తొమ్మిది వారాల్లో జాబితా పట్టేశాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే చేశాడు. "అర్థంతో పనేముందక్కా, ఆయనకి లేనిది మనకెందుకు?" అంటుంది. దానికి నా జవాబు ఒకటే. ఆయన పేజీని ఫోటో తీసినట్టు గుర్తుపెట్టుకోగలడు. అలాంటి జ్ఞాపకం కోటికొకరికి ఉంటుందేమో. మిగతావాళ్లకి పదాన్ని పట్టుకోవడానికి ఒక పిడి కావాలి. ఆ పిడి అర్థమే. స్మరాగ్డిన్ అని పది అక్షరాల పదం, పచ్చరాయికి సంబంధించినది అని అర్థం. ఉత్త అక్షరాలుగా చూస్తే కొరుకుడు పడదు. కార్డు వెనక అది గ్రీకు 'స్మరాగ్దోస్' నుంచి వచ్చిందని, సంస్కృతంలోని మరకతం దానికి చుట్టమని రాసుంది. మరకతం! చిన్నప్పుడు పద్యాల్లో చదువుకున్న మాట, ఇక్కడ ముందు ఒక ఎస్ తగిలించుకుని నిలబడింది. ఇక మరిచిపోవడం నా వల్ల కాదు.

అట్ట నాణ్యత గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కార్డులు మందంగానే ఉన్నాయి, మూలలు రెండో నెలకే పైపొర లేచాయి. మెరుపు పూత వల్ల దీపం కింద చదివేటప్పుడు కాస్త వంచి పట్టుకోవాలి. పెట్టె మూత వదులు. కార్డులు అక్షరక్రమంలో పెట్టి ఇచ్చారు, ఆటకి పొడవు వరసలో ఉంటే ఉపయోగం. నేను మొదటి వారమే 15 దాటినవి ఒక పక్కకి, 9 నుంచి 15 దాకా ఒక పక్కకి, 7, 8 అక్షరాలవి చేతికి దగ్గరగా పెట్టుకున్నాను. కొత్తగా ఆడేవాళ్లు ఈ చివరి కట్టతో మొదలుపెట్టండి. పాయింట్లన్నీ అక్కడే ఉన్నాయి. రోజుకి ఐదు చాలు. అర్థం ముందు చదివి, పదం తర్వాత చూడండి, ఆ వరస మార్చొద్దు. రెండక్షరాల పదాలు ఇంకా రానివాళ్లు మాత్రం ఈ పెట్టె జోలికి ఇప్పుడే రావద్దు. అవి రాకుండా ఇవి పెట్టడానికి బోర్డు మీద చోటు దొరకదు.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. చెల్లే పదాల గుర్తు పెట్టి, స్పెల్లింగులు దిద్ది తెస్తే ఐదోది ఇవ్వడానికి నేనే మళ్లీ కొంటాను.

పెట్టె అడుగున నాలుగు ఖాళీ కార్డులు ఇచ్చారు, మన పదాలు మనం రాసుకోవడానికి. మొదటిదాని మీద బోర్బరిగ్మస్‌ని రెండు ఆర్‌లతో రాసి, అచ్చుతప్పు కార్డు తీసేసి దాని చోట పెట్టాను. రెండోది చెల్లెలు తీసుకుంది. జగ్గర్‌నాట్ అని రాసింది. జగన్నాథుడి పేరులోంచి పుట్టిన పది అక్షరాల పదం. కింద చిన్న బోర్డు గీసి, మొదటి మూడు అక్షరాలు జె, యు, జి నల్ల సిరాతో, మిగిలిన ఏడూ ఎర్ర సిరాతో వేసింది. బోర్డు మీద ముందే జగ్ ఉంటే ఆ ఏడు టైల్స్ ఒకేసారి పడతాయి, 50 బోనస్‌తో సహా. ఇప్పుడు ఆటలో నేను జె పట్టుకున్న ప్రతిసారీ ఊపిరి బిగపట్టి చూస్తోంది. నేను జగ్ పెట్టట్లేదు.